షోరూముకు బోణీ

మా గుత్తిలో వాన కోసం మొగులు వైపు చూసే అంగళ్లు ఒకప్పుడు రెండే రకాలు. ఒకటి విత్తనాల అంగడి, రెండోది ఎరువుల అంగడి. మా బామ్మర్ది మూడో రకం పెట్టాడు. అందులో మోటారుసైకిళ్లు అమ్ముతారు.

అంతకుముందు అతనిది వేరుశనక్కాయల మండీ. వాన రైతుకు ముఖం చాటేయడం, రైతు ఇతనికి ముఖం చాటేయడం, ఇతను నూనె మిల్లు వాళ్లకు ముఖం చాటేయడం, ఏటా ఇదే వరస. విసిగిపోయి, ఇక వానతో పనిలేని వ్యాపారమే చేస్తానని మా ఇంటి అరుగు మీద కూర్చుని శపథం పట్టాడు. మండీ ఎత్తేశాడు, ఊరి పక్కనున్న చేను అమ్మాడు, ఒక కంపెనీ వాళ్ల చుట్టూ తిరిగి హైవేకు దిగే రోడ్డు మీద అద్దాల షోరూము కట్టించాడు. అన్న మాట ప్రకారమే, మోటారుసైకిళ్లు అమ్మేవాడికి వానతో ఏ పనీ లేదు. కొనేవాడికి మాత్రమే ఉంది. ఈ చిన్న తేడా అద్దాలన్నీ బిగించాక బయటపడింది.

నేను గుంతకల్లు రైల్వేలో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాను. బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపటికి కదిలింది అని రాసిపెట్టడమే ముప్పాతిక ఉద్యోగం. ఇంటికొచ్చి డైరీ రాయడం అంతకన్నా పాత అలవాటు. ఇప్పుడు రాయడానికి బండ్లు లేవు కనుక ఊరి సంగతులు రాసుకుంటాను. ఊరు కూడా గూడ్సు బండి లాంటిదే. ఎక్కువ భాగం ఎందుకు ఆగిందో రాయడమే ఉంటుంది.

షోరూము తెరిచిన రోజు మొదటి బేరం నాది. ఒక హెల్మెట్ కొన్నాను. నాకు మోటారుసైకిల్ తోలడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. బామ్మర్ది అంగట్లో ఉత్త చేతులతో నిలబడితే బాగుండదని, ఉన్నవాటిలో చవకైనది తీసుకున్నాను. ఆ రోజు పొద్దు గుంకేలోగా బండ్లు వరసగా అమ్ముడుపోయాయి. ఆ ఏడు వానలు అదనులో పడ్డాయి, కాయకు ధర పలికింది. ఆ రెండు సంగతులూ అందరూ మర్చిపోయి, పేరంతా నా కుడిచేతికి కట్టబెట్టారు. మా బామ్మర్ది కనబడిన వాళ్లందరికీ మా బావ చెయ్యి మంచిదని చెప్పుకొచ్చాడు. పదవిలో ఉన్నన్నాళ్లూ నా గురించి ఇంత మంచి మాట ఎవరూ అనలేదు కనుక నేనూ అభ్యంతరం పెట్టలేదు.

బోణీ అంటే మా వైపు ఆషామాషీ కాదు. షట్టరు ఎత్తాక మొదట వచ్చిన మనిషిని ఏదో ఒకటి అమ్మకుండా వెనక్కి పంపకూడదు. లాభం లేకున్నా ఇచ్చి పంపాలి. ఆ మొదటి చెయ్యి మంచిదైతే రోజంతా బేరాలు నడుస్తాయి. మా మామగారు మండీలో బతికిన కాలమంతా దీన్ని తప్పలేదు. కొడుక్కి ఆస్తితో పాటు ఈ పట్టింపునూ ఇచ్చిపోయాడు. ఆస్తిని కొడుకు షోరూములో పెట్టేశాడు. పట్టింపు మాత్రం భద్రంగా ఉంది.

అలా ప్రతి ఉదయం నడక ముగించి పేపరు చదువుకోవడానికి షోరూముకు వెళ్లే నేను, ఏదో ఒకటి కొంటే తప్ప కుర్చీ దొరకని స్థితికి వచ్చాను. ఒకనాడు తాళంచెవి గొలుసు, ఒకనాడు నంబరు ప్లేటు స్క్రూలు, ఒకనాడు పక్కన చూసుకునే అద్దం. తర్వాత సీటు కవరు, ఫుట్‌రెస్టు, హారను. కొన్నవన్నీ ఇంట్లో మంచం కిందికి చేరాయి. నా భార్య కొన్నాళ్లు ఊరకే చూసింది. ఒకరోజు ఊడుస్తూ చీపురు హారనుకు తగిలినప్పుడు అంది:

“ఇంకో రెండేండ్లు నువ్వు ఇట్లే బోణీ చేస్తే బండి పూర్తయితాది. తోలేవాన్ని యాడ తెస్తావో చూసుకో.”

తమ్ముడి కోసమే కదా అన్నాను. తమ్ముడి మీద ప్రేముంటే దుడ్లు ఇయ్యి, ఇనుము ఎందుకు తెస్తావంది.

తర్వాతి ఏళ్లలో నా చెయ్యి పనిచేయడం మానేసింది. విత్తనం వేసేదాకా వాన పడుతుంది, వేశాక ఆగిపోతుంది. మా ప్రాంతంలో వానకు ఉన్న పద్ధతి అది. చేలల్లో శనక్కాయ చెట్టు జానెడు పెరిగి, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మట్టి రాయిలా బిగుసుకుంటుంది. అలాంటి ఏట రైతు మోటారుసైకిల్ కొంటాడని ఆశపడేవాళ్లు కంపెనీల్లోనే ఉంటారు. ధర్మవరం వైపు మా చుట్టాల మగ్గాలు నెలలో సగం రోజులు ఊరకే ఉన్నాయి. ఆ ఇళ్లలో పెళ్లికొడుకులు కూడా బండి మాట ఎత్తడం మానేశారు. వాన పడినా పడకున్నా జీతమొచ్చేది గుంతకల్లు రైల్వే వాళ్లకు. వాళ్లు గుంతకల్లులోనే కొనుక్కుంటారు. మా షోరూముకు వచ్చి ధర అడిగి, గుంతకల్లులో బేరమాడేటప్పుడు ఆ ధర చెబుతారు.

అలాగని షోరూముకు జనం రాకపోలేదు. ఎండాకాలమంతా వచ్చారు. లోపల ఏసీ ఉంది, చల్లటి నీళ్లున్నాయి. ఒకతను బండి కొంటానని చెప్పి ఒకే నెలలో మూడుసార్లు టెస్ట్ డ్రైవుకు తీసుకెళ్లాడు. మొదటిసారి కూతురిని బస్టాండులో దించాడు, రెండోసారి రేషను బియ్యం తెచ్చుకున్నాడు. మూడోసారి ఎక్కడికి వెళ్లాడో గానీ పెట్రోలు లేక రెండు మైళ్లు తోసుకుంటూ వచ్చి, ఈ బండి మైలేజీ ఇవ్వదని చెప్పి వెళ్లిపోయాడు. టైలు కట్టుకున్న ఇద్దరు సేల్సు కుర్రవాళ్లు ఆయనకు నమస్కారం పెట్టి సాగనంపారు. అలా పెట్టాలని కంపెనీ వాళ్లు శిక్షణ ఇచ్చారట.

కంపెనీ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్ముడుపోని బండికి కొత్త స్టిక్కరు అంటించి, కొత్త పేరు పెట్టి, ధర పెంచి పంపేది. పాత ధరకే కొననివాడు కొత్త ధరకు ఎందుకు కొంటాడని నేను అడిగాను. కొత్త ధరకు కొననివాడికి పాత ధర చవకగా కనబడుతుందని మా బామ్మర్ది చెప్పాడు. నాకు బోధపడలేదు. అతనికి బోధపడిందనీ నమ్మకం లేదు.

వినాయక చవితి వెళ్లిన వారంలో బెంగుళూరు నుంచి కంపెనీ మనిషి కారులో దిగాడు. చాలా మర్యాదస్తుడు. చెప్పవలసింది రెండు ముక్కల్లో చెప్పాడు. దసరా ముగిసేలోగా అమ్మకాలు కనబడాలి, లేకపోతే బోర్డు దించుకుని డీలరుషిప్పు ఇంకెవరికైనా ఇస్తారు. మా బామ్మర్ది వానలు లేవన్నాడు. అది మా పరిధిలోకి రాదన్నాడు ఆయన. పరిధిలోకి వచ్చేవి ఏమిటంటే, గుమ్మం దగ్గర బెలూన్లు, లోపల కాఫీ యంత్రం, సిబ్బంది ముఖాల మీద చిరునవ్వు. మూడూ మరుసటి వారానికల్లా అమర్చారు. ఊరివాళ్లు కాఫీ బాగుందన్నారు.

నాకు ఈ తమాషా అంతా నవ్వులాటగానే ఉండేది, ఒకరోజు మా బామ్మర్ది కాఫీ యంత్రం పక్కన నిలబడి ఉన్నట్టుండి తన లెక్క చెప్పుకునేదాకా. బోర్డు పోతే అద్దాలు మిగులుతాయి. మండీ స్థలంలో ఇప్పుడు కోళ్లంగడి ఉంది. చేను ఎవరిదో అయిపోయింది. ఈ వయసులో మళ్లీ మొదలుపెట్టడానికి దగ్గర ఏమీ లేదు. ఇదంతా చెప్పి, తాను కొన్నాళ్లుగా ఆలోచించి కనిపెట్టిన కారణం బయటపెట్టాడు.

“తప్పు నీదే బావా.”

“నేనేం జేసినానప్పా?”

“నువ్వు దినామూ స్క్రూలు కొంటాండావు. దేవుడు స్క్రూల బేరమే పంపిస్తాండాడు. ఆయుధపూజ నాడు నీ చేత్తో బండి కొను. ఆ పొద్దు బండితో బోణీ అయితే పండగంతా బండ్లే పోతాయి.”

“నాకు తోలేది రాదు గదా.”

“తోలేది వచ్చినోళ్లు ఒకరూ కొనకపాయిరి. రానోడివి, నువ్వన్నా కొను.”

ఇంటికెళ్లి భార్యకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. హెల్మెట్ నుంచి హారను దాకా వెటకారం చేసిన మనిషి ఈసారి నవ్వలేదు. “వాని బోర్డు నిలబడ్తాదంటే కొను. తోలబాకు, అంతే” అంది. బండి వసారాలో పెట్టుకోవచ్చని, తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తుందని కూడా అప్పుడే తేల్చేసింది. నా పింఛనులో నుంచి కట్టే పద్ధతి మా బామ్మర్ది చూసుకుంటానన్నాడు.

ఆయుధపూజ నాడు పూజారి ముహూర్తం కాస్త పొద్దెక్కాక పెట్టాడు. అప్పటిదాకా మరో బేరం తగలకూడదని షట్టరు సగమే ఎత్తి ఉంచారు. లోపల నా బండి పెళ్లికూతురిలా ఉంది. బంతిపూల దండ, హాండిలుకు ఎర్ర రిబ్బను, చక్రాల కింద నిమ్మకాయలు. ఫోటో కోసం అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటుంది, నా నడుము దాకా వస్తుంది. దాన్ని నా చేతికిచ్చి నిలబెట్టారు. ముహూర్తం కాగానే బండిని కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి పూజకు తీసుకెళ్లాలి. తోలేది సేల్సు కుర్రవాడు, నేను వెనక కూర్చోవాలి. పక్కన పలక మీద షోరూము మెకానిక్ తన పానాలు, స్క్రూడ్రైవర్లు కడిగి, బొట్లు పెట్టి, వరసగా పేర్చాడు. పూజయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. గుత్తిలో ఆ రోజు ఏ మెకానిక్ అంగడికి వెళ్లినా పానాలు దేవుడి ముందు ఇలాగే పడుకుని ఉంటాయి. మనుషులంతా కలిసి పాటించే కట్టుబాటు అది.

మొపెడ్లు ఆ కట్టుబాటులో లేవు. అవి పండగ రోజూ చెడిపోతాయి.

పాల క్యాన్లు రెండు వైపులా వేలాడదీసిన మొపెడ్‌ను తోసుకుంటూ, పక్క పల్లె రైతు ఒకడు వచ్చి షట్టరు కింద నుంచి తొంగిచూశాడు. యాక్సిలరేటరు కేబులు తెగిందట. ఊళ్లో మెకానిక్‌లందరి దగ్గరికీ తిరిగాడు, అందరూ పానా ముట్టేది లేదన్నారు. ఆ మొపెడ్ కూడా మా కంపెనీదే. కేబుళ్లు వెనక గదిలో కట్టలుగా ఉన్నాయి. మా బామ్మర్ది కాసేపు ఆగమన్నాడు. మొదట వచ్చిన మనిషిని వెనక్కి పంపకూడదని నేను గుర్తుచేశాను. షట్టరు పూర్తిగా ఎత్తలేదు గనక అంగడి ఇంకా తెరిచినట్టు కాదు, కాబట్టి వచ్చినవాడు ఇంకా వచ్చినట్టు కాదు అన్నాడు. హైకోర్టు దాకా నడిచే వాదమే.

ఇక్కడ లైట్లు వెలుగుతున్నాయన్న కబురు ఎలా పాకిందో తెలియదు. చైను తెగినవాడు, ప్లగ్గు చెడినవాడు, బంతిపూల మూటతో సంతకు బయలుదేరి దారిలో బండి ఆగిపోయినవాడు, పండక్కి కొన్న పొట్టేలును ముందు నిలబెట్టుకుని వచ్చినవాడు, ఒక్కొక్కరే వచ్చి షట్టరు ముందు బండ్లు నిలిపారు. షోరూము తెరిచిన రోజు తర్వాత అంత జనాన్ని నేను అక్కడ చూడలేదు. ఒక్కరికీ కొత్త బండి అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడు కంపెనీ మనిషి కారు రోడ్డు అవతల ఆగింది. పండగ అమ్మకాలు ఎలా ఉన్నాయో చూసిపోదామని వచ్చాడు. తెరవకముందే గుమ్మం ముందు కాచుకుని ఉన్న జనాన్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. ఫోనులో ఫోటో తీశాడు, అక్కడే నిలబడి పైవాళ్లకు పంపాడు. లోపలికి వంగి వచ్చి మా బామ్మర్ది చెయ్యి పట్టుకుని ఊపాడు. అట్ట తాళంచెవితో నిలబడిన నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. బెలూన్లు పనిచేశాయన్నాడు. సోమందేపల్లెలో ఇంకో షోరూము చూడాలని వెంటనే వెళ్లిపోయాడు. బయట ఉన్నవాళ్లలో ఒక్కరిని పలకరించినా నిజం తెలిసేది. పలకరించడం ఆయన పరిధిలోకి రాదేమో.

కారు కదలగానే పాలాయన ఇంకా కిందికి వంగి, ఈసారి సగం మనిషి లోపలికి వచ్చాడు.

“ఏమప్పా, మీ ముహూర్తం దాకా పాలు నిలబడవు. ఇరిగిపోతే నువ్వు కొంటావా, బోణీకి?”

“రోంత సేపు ఆగన్నా. పండగ పొద్దు.”

“పండగ నీకేనా? అందరికన్నా ముందర వచ్చినోన్ని నేను. నన్ను ఎండలో నిలబెట్టి మీ బావకు అమ్ముకుంటాండావే. మీ నాయన మండీలో ఒక్కనాడన్నా ఇట్ల జేసినాడా?”

మా బామ్మర్ది నా వైపు చూశాడు. అతని ముఖంలో రెండు భయాలు కనబడ్డాయి. బోర్డు పోతుందన్నది ఒకటి. రెండోది వాళ్ల నాయనది. ముహూర్తానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. నా చేతిలో అట్ట తాళంచెవి ఉంది. నాలాంటి క్రమశిక్షణ గల మనిషి అటువంటి వేళ గంభీరమైన మాట ఏదైనా చెప్పాలి.

“ఇచ్చి పంపీ. నేనేడికి పోతాను” అన్నాను.

షట్టరు పైదాకా ఎత్తాడు. కేబులు తెచ్చాడు. మెకానిక్ పలక ముందు రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు, పూజ కాకుండా తాకనన్నాడు. మా బామ్మర్ది చెప్పులు విడిచి, పలకకు దండం పెట్టి, బొట్టు పెట్టిన పానా తీశాడు. అతను బండి ముందు గొంతుక్కూర్చోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కేబులు రెండుసార్లు తప్పుగా బిగించాడు. మూడోసారి మెకానికే ఓర్చుకోలేక, తాకకుండా, నోటితో చెప్పి చేయించాడు. పండక్కి తొడుక్కున్న తెల్లచొక్కా మీద ముందు కుంకుమ, తర్వాత గ్రీజు అంటుకున్నాయి. పాలాయన దుడ్లు ఇచ్చి, దసరా శుభాకాంక్షలు లాంటివేమీ చెప్పకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ముహూర్తం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. పూజారి వచ్చి, నేల మీద మొపెడ్లు, నూనె, పొట్టేలు చూసి, గబగబా హారతి ఇచ్చి ఇంకో అంగడికి వెళ్లాడు. హారతి అయ్యాక మెకానిక్ కూడా పనిలోకి దిగాడు. కొత్త బండ్లన్నిటినీ గోడకు జరిపి పాతవాటికి చోటు చేశారు. సేల్సు కుర్రవాళ్లు టైలు జేబులో కుక్కుకుని ప్లగ్గులు అందించారు. మధ్యాహ్నం నేను తాళంచెవిని కాఫీ యంత్రానికి ఆనించి భోజనానికి ఇంటికి వెళ్లాను. బండి ఏదని నా భార్య అడిగింది. బోణీ వేరేవాళ్లు చేశారని చెప్పాను. వసారాలో తువ్వాలు తీగ మీద ఆరేసి వచ్చి వడ్డించింది.

ఆ రోజు ఒక్క మోటారుసైకిల్ అమ్ముడుపోలేదు. వెనక గదిలో కేబుళ్ల కట్ట ఒక్కటీ మిగల్లేదు. మా బామ్మర్ది సిద్ధాంతం ప్రకారం చూసినా అంతే జరగాలి.

పండగ వెళ్లిన తర్వాత కూడా మొపెడ్లు రావడం ఆగలేదు. కొత్త బండి కొనలేని ఊళ్లో పాత బండే నడవాలి కదా. ఇది గ్రహించడానికి బెంగుళూరు నుంచి ఎవరూ రానక్కర్లేదు, అయినా మాకు ఇన్నేళ్లు పట్టింది. అయితే బోర్డు సంగతి అలాగే ఉండిపోయింది. అమ్మకాల్లేవు. ఏ రోజు దించుతారోనని మా బామ్మర్ది ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

బోర్డు దించడానికి మనుషులు వస్తారనుకుంటే, ఒక ఉదయం లారీ వచ్చింది. పెద్ద లారీ, మూసిన డబ్బా. నిండా కొత్త మోటారుసైకిళ్లు. ఆ ఫోటో బెంగుళూరులో బాగా తిరిగిందట. కరువు ప్రాంతంలో తెరవకముందే జనం క్యూ కట్టిన షోరూము అని మీటింగులో తెరమీద వేసి చూపించారట. అంత గిరాకీ ఉన్నచోట సరుకు తక్కువ కావడం వల్లే అమ్మకాలు పడిపోయాయని పెద్దలు తీర్మానించి, అడగకుండానే లారీ పంపారు. కంపెనీ మనిషే ఫోను చేసి అభినందించాడు. బోర్డుకు ఇక ఢోకా లేదు. చేయవలసిందల్లా సరుకు దించుకుని, దాని సొమ్ము కట్టడం.

డ్రైవరు తలుపు గొళ్లెం తీయబోతుంటే మా బామ్మర్ది ఆగమన్నాడు. లారీ మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఇన్నాళ్లూ అతను కోరుకున్నది ఆ బోర్డు నిలబడటమే. ఇప్పుడు అది నిలబడింది. సలహా చెప్పవలసిన పెద్దవాణ్ని నేనే. ఫోటో తీసినప్పుడే కంపెనీ మనిషికి నిజం చెప్పి ఉండవలసిందేమో అన్నాను. చెబితే ఆ పొద్దే దించేవాళ్లన్నాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ల కింద గ్రీజు ఉంది.

“బావా, దించుకుంటే బోర్డుంటాది. దించుకోకుంటే నేనుంటాను.”

నేను తల ఊపాను. అతను లేచి డ్రైవరుతో తీసుకుపొమ్మన్నాడు. డ్రైవరు ఏ మాత్రం బాధపడలేదు. “నాకేమప్పా, రెండు పక్కలా బాడుగ వస్తాది” అని కాఫీ అడిగి తాగి, లారీ తిప్పుకున్నాడు. కంపెనీ మనిషికి ఫోను చేసి మా బామ్మర్ది నాలుగు మాటల్లో చెప్పేశాడు. అవతల ఆయన చాలా మర్యాదగానే ఆశ్చర్యపోయి ఉంటాడు. వారంలోగా తమ మనుషులు వచ్చి బోర్డు దించుకుంటారని చెప్పాడట.

మా బామ్మర్ది అప్పటిదాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఎందుకు తొందర, వాళ్లే వస్తారు కదా అని కింద నుంచి నిచ్చెన పట్టుకుని అడిగాను.

“వాళ్లు దించితే పరువు పోయినట్లు బావా. మనం దించితే రిపేరు.”

బోర్డు అనుకున్నదానికన్నా పెద్దది. ఒక చివర బోల్టులన్నీ ఊడదీశాడు. రెండో చివరకు జరిగి, మిగిలినవి విప్పుతూ వచ్చాడు. ఆఖరి బోల్టు తుప్పు పట్టి కదలలేదు. పానా పెట్టి బలమంతా వేస్తుండగా కింద ఒక మొపెడ్ దగ్గుతూ వచ్చి ఆగిపోయింది. గడ్డిమోపు మీద నుంచి ఒక ఆడమనిషి తల ఎత్తి, సైలెన్సరు ఊడి రోడ్డు మీద పడేట్టుందని, ఆవులు ఇంటికాడ ఆకలితో ఉన్నాయని, ఆ పైన చేసే పని తర్వాత చేసుకోవచ్చు కదా అని గదమాయించింది. ఆమెకు అది ఏ కంపెనీ బోర్డో, ఎందుకు దిగుతోందో పట్టలేదు. చదివిందని కూడా నేననుకోను.

“వస్తాండానమ్మా” అని మా బామ్మర్ది పానా జేబులో పెట్టుకుని నిచ్చెన దిగాడు. ఆ వెనక ఇంకో రెండు బండ్లు వచ్చాయి. చీకటి పడేదాకా అతనికి తల ఎత్తే తీరిక దొరకలేదు. నేను నిచ్చెన తీసి గోడకు ఆనించి ఇంటికి వచ్చాను. బోర్డు నిలువుగా ఆ ఒక్క బోల్టు మీదే మర్నాటి దాకా వేలాడింది.